బార్లీ మీద పెట్టిన ఒట్టు

రండమ్మా, ఇలా దగ్గరకు జరగండి. చేతిలో పనుంటే తెచ్చుకోండి, శనగలు ఏరుకుంటూ కూడా వినొచ్చు. దూరంగా కూర్చుంటే సగం కథ గోడలు తినేస్తాయి. ఇది మన సలే ఊళ్లో, రబాత్‌కు ఎదురుగా నదికి ఇవతలి ఒడ్డున, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగవలసిన సందులో ఉండే ఒక ఇంటి సంగతి. వంటింటి గొడవే అనుకోండి. వంటింట్లో పుట్టని గొడవ ఏ ఇంట్లో ఉంది గనక?

ఆ ఇంటి కోడలి పేరు హస్నా. ఆ రోజూ ఎప్పటిలాగే తెల్లవారుజాము అజాన్ వినపడకముందే లేచి, మోకాళ్ల మీద కూర్చుని బార్లీపిండి పిసుకుతోంది. బార్లీపిండి గోధుమపిండిలా మాట వినదు. సాగదు, కలిసి ఉండదు, ఇటు నొక్కితే అటు పగులుతుంది. రొట్టె అయ్యాక కూతురు వియామ్‌ను లేపాలి, మధ్యాహ్నానికి పప్పు పొయ్యి మీద వెయ్యాలి, మొగుడి డబ్బా కట్టాలి, బట్టలు కుట్టే కార్ఖానా బస్సు సందు మొదట్లోకి వచ్చేసరికి తను అక్కడ నిలబడి ఉండాలి.

"మళ్లీ ఆ బూడిదరంగు పిండేనా?" అంది వెనక నుంచి అత్తగారు రఖియా. జపమాల వేళ్ల మధ్య తిరుగుతూనే ఉంది, కళ్లు మాత్రం పిండి మీద ఉన్నాయి.

"మళ్లీ అదే, లల్లా. రాత్రి నిద్ర పట్టిందా?" అంది హస్నా. అత్తగారిని గౌరవంగా లల్లా అనే పిలిచేది.

"పడుతుందా? నా కొడుకు చక్కెర లేని టీ తాగి పడుకుంటే నాకు నిద్రా? శత్రువు గడప తొక్కినా మనం చక్కెర లేకుండా టీ ఇవ్వం. అల్లా మీద ఒట్టు, ఇంకో వారం ఇలాగే సాగితే నేను మా చెల్లెలింటికి పోతాను."

"ఒట్లు పెట్టకండి లల్లా. కిందటి నెల పెట్టిన ఒట్టు తప్పినందుకే మూడు రోజులు ఉపవాసం ఉండి, నా మీద కేకలేశారు."

"ఉపవాసం ఉంటే కోపం రాదా?" అంది రఖియా. అని, నవ్వు ఎక్కడ బయటపడుతుందోనని అటు తిరిగింది.

చెడ్డ మనిషి కాదు రఖియా. పెళ్లయి వచ్చిన కొత్తలో హస్నాకు జ్వరం వస్తే తల దగ్గర కూర్చుని తెల్లవార్లూ తడిగుడ్డ వేసింది. పక్కింటి తామూతో కోడలి గురించి మంచే చెప్పేది. కానీ తిండి దగ్గర మాత్రం ఆవిడకొక లోకం ఉంది. ఆ లోకంలో రొట్టె అంటే తెల్లరొట్టె. శుక్రవారం అంటే మంచు కుప్పలాంటి తెల్లని గోధుమ కుస్కుస్. గోధుమరవ్వను అరచేత్తో రుద్దిరుద్ది గింజలు చేసి, ఆవిరి పట్టి, మీద కూరలూ మాంసమూ పేర్చి ఆవిడ పళ్లెం దించితే సందు సందంతా వాసన వేసేది. ఒక వాటా మసీదు గుమ్మం దగ్గర బీదవాళ్లకు, ఒక వాటా తామూకు, మిగతా పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ. ఎవరి ముందున్నది వాళ్లు తినాలి. నడుమనున్న మాంసం రఖియా చేత్తో పంచాలి. ఆ పద్ధతిలో ఎన్నడూ తేడా రాలేదు.

తేడా వచ్చింది ఆ చలికాలంలోనే. జిలాలి, అంటే రఖియా కొడుకు, సలే నుంచి రబాత్‌కు టాక్సీ నడుపుతాడు. పొద్దంతా సీటు మీదే. ఆకలేస్తే తెల్లరొట్టెలో వేయించిన బంగాళాదుంప ముక్కలు, దాహమేస్తే చక్కెర పాకంలాంటి టీ. మడమ మీద బూటు ఒరుసుకుని చిన్న పుండు పడింది. చిన్నదే కదా అనుకున్నాడు. అది మానలేదు. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ రక్తం చూసి, పాదం చూసి, జిలాలితో కాదు, హస్నాతో మాట్లాడింది.

"షుగరు బాగా ఎక్కువగా ఉందమ్మా. మందు ఇస్తాను, కానీ మందు ఒక్కటే మొయ్యలేదు. తెల్లరొట్టె, చక్కెర, వేపుళ్లు మానాలి. పొట్టుతో ఉన్న ధాన్యం, పప్పులు, కూరలు ఇంట్లోనే వండి పెట్టు. బార్లీ మంచిది. షుగరు దిగకపోతే ఈ పుండు మానదు. మానకపోతే ఈ పాదం సంగతి నేను చెప్పలేను."

తిరిగి వస్తూ జిలాలి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"షుగరు అని అమ్మకు చెప్పు, పరవాలేదు. సందులో సగం మందికి ఉన్నదే అంటుంది. పుండు మాట మాత్రం ఎత్తకు. నన్ను బతికుండగానే ఏడుస్తుంది."

హస్నా మాట ఇచ్చింది.

ఆ రోజు నుంచి ఆ ఇంటి వంట మారింది. సెలవు రోజున శనగలూ మసూరపప్పూ నానబోసి ఉడికించి వారానికి సరిపడా పెట్టుకునేది. ఎండు చిక్కుడుగింజలను మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, జీలకర్ర, మీద ఆలివ్ నూనె వేసి పొద్దున్నే వేడివేడిగా పెట్టేది. వియామ్ బడికి దుకాణం కేకులు పట్టుకెళ్లడం మానేసి ఖర్జూరాలూ బాదంపప్పులూ పట్టుకెళ్లేది. "మా క్లాసులో అందరూ నన్ను ముసలమ్మ అంటున్నారు" అని ఆ పిల్ల గోల. కార్ఖానాలో సాయంత్రందాకా మిషను తొక్కి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడితే హస్నా మడమలు కూడా మండేవి. అయినా జిలాలి డబ్బా ఖాళీగా తిరిగి వస్తే చాలు, ఆ మంట మరిచిపోయేది. రోజూ ఖాళీగానే వచ్చేది.

వసంతం వచ్చింది. మళ్లీ రక్తం చూపించారు. షుగరు దిగలేదు. పైగా ఇంకాస్త ఎక్కింది.

"నిజంగా బార్లీయే పెడుతున్నావా?" అంది డాక్టరమ్మ. ఆ మాటలో నింద లేదు, కానీ హస్నాకు చెంప మీద కొట్టినట్టయింది. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంది. ఇంట్లో తను ఎంత చేసినా, శుక్రవారం ఒక్క పూట ఆ తెల్ల కుస్కుస్ అంతా చెడగొడుతోందనుకుంది. శుక్రవారం కూడా మార్చాలి అనుకుంది. అది ఎంత పెద్ద మాటో ఆమెకు తెలుసు.

ఆ శుక్రవారం కార్ఖానాలో బతిమాలుకుని పూట సెలవు పెట్టింది. అత్తగారు పెద్ద పొయ్యి మీద కూరలూ పైన చిల్లుల గిన్నెలో తెల్ల కుస్కుసూ ఆవిరి పెడుతుంటే, తను పక్కన చిన్న పొయ్యి మీద పొట్లం విప్పి బార్లీ కుస్కుస్ పోసింది. నీళ్లు ఎక్కువయ్యాయో ఏమో, ఉండలు కట్టింది. రఖియా ఓరకంట చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే భయపడాలి.

నమాజు అయ్యాక అందరూ కూర్చున్నారు. పెద్ద పళ్లెం నడుమకు వచ్చింది. హస్నా చిన్న పళ్లెం తెచ్చి జిలాలి ముందు పెట్టింది.

"ఇదేమిటి?" అంది రఖియా.

"జిలాలిది, లల్లా. బార్లీది. కూరలు మీరు చేసినవే, మాంసం కూడా మీరే వడ్డించండి."

"శుక్రవారం నాడు, నా పళ్లెం ముందు, నా కొడుక్కి వేరు పళ్లెమా?"

"డాక్టరమ్మ..."

"డాక్టరమ్మకు అత్తగారు లేరేమో! మా అమ్మ అనేది, పళ్లెం వేరైతే పొయ్యి వేరైనట్టే, పొయ్యి వేరైతే గోడ లేచినట్టే అని. ఏ గోడ కడుతున్నావు పిల్లా? నువ్వూ నీ మొగుడూ అటు, ముసలిది ఇటా?"

"అలాంటి మాట నా నోటి నుంచి ఎప్పుడైనా వచ్చిందా లల్లా?"

"నోటి నుంచి ఎందుకు, చేత్తో చూపించావుగా! అదీ బార్లీ! గాడిదకు పెట్టేది! తామూ ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చిందంటే రేపటికి బావి దాకా పాకుతుంది, రఖియా ఇల్లు బార్లీకి దిగిందని."

వియామ్ మెల్లగా పెద్ద పళ్లెంలోంచి క్యారెట్ ముక్క లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా నమలసాగింది. జిలాలి అటు చూసి ఇటు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పోనీలే అమ్మా, గొడవెందుకు? నేను రెండూ తింటాను."

"రెండూనా?" అంది హస్నా.

"తినకేం?" అంది రఖియా, ఒళ్లు మండి. "రోజూ తింటున్నాడుగా! బండి నడిపే మగవాడు నీ బార్లీ ముక్క మీద బతుకుతున్నాడనుకున్నావా? పొద్దున్నే నేను రొట్టెల బట్టీకని ఎందుకు వెళ్తున్నాననుకున్నావు? తెల్లరొట్టె, వెన్న, తేనె, చేతిగుడ్డలో కట్టి టాక్సీల అడ్డా దగ్గర నా చేత్తో ఇస్తున్నాను. నిలబడి తినిపించి మరీ వస్తున్నాను!"

హస్నా మొగుడి వైపు తిరిగింది. కోపంగా కాదు, అర్థం కానట్టు.

"మరి నేను కట్టిన డబ్బా?"

"అదీ తింటున్నాను."

"రెండూ తింటున్నావా?"

"నువ్వు నిద్ర మానుకుని చేసింది ఎలా పారెయ్యను? అమ్మ అంత దూరం నడిచి తెచ్చింది ఎలా వద్దనను?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపం అతను ఎవరి మనసూ కష్టపెట్టలేక, ఆ బరువంతా తన కాలి మీద వేసుకున్నాడు. హస్నాకు ముందు నవ్వు వచ్చినట్టయింది, ఆ నవ్వు గొంతు దాటేలోపు ఏడుపైంది. చలికాలం నుంచి తను పోగొట్టుకున్న నిద్ర, ఆ పిండి, ఆ పప్పు, ఆస్పత్రి బల్ల మీద తలవంచుకుని కూర్చున్న పూట, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"సాక్సు తియ్యి" అంది.

"హస్నా, వద్దు."

"నువ్వు మాట అడిగావు, ఇచ్చాను. ఇన్నాళ్లు మోశాను. ఇక మొయ్యలేను."

తనే వంగి అతని ఎడమకాలి సాక్సు లాగింది. కట్టు విప్పింది. మడమ మీద దిర్హం బిళ్లంత పుండు, చుట్టూ నల్లగా కమిలిన చర్మం.

"చూడండి లల్లా. చలికాలంలో గోరంత ఉండేది. షుగరు దిగితేనే మానుతుందట. మానకపోతే పాదం ఉంటుందో ఉండదో చెప్పలేనంది డాక్టరమ్మ. గోడ కట్టడానికి కాదు లల్లా నేను వేరే పళ్లెం పెట్టింది."

రఖియా చెయ్యి పళ్లెం నడుమ, మాంసం మీద ఆగిపోయింది. వేళ్లకు తెల్ల కుస్కుస్ గింజలు అంటుకుని ఉన్నాయి. కొడుకు కాలి వైపు చూసింది, కొడుకు ముఖం వైపు చూసింది. లేచి, చెయ్యి కడుక్కుని, మేడ మెట్లు ఎక్కింది. ఆ శుక్రవారం పళ్లెం అలాగే చల్లారిపోయింది. తామూకు వాటా వెళ్లలేదు.

సాయంత్రం అసరు నమాజు వేళకు హస్నా మేడ మీదకు వెళ్లింది. ఆరేసిన దుప్పట్ల చాటున రఖియా గచ్చు మీద కూర్చుని ఉంది. హస్నా ఆవిడ ముందు టీ గ్లాసు పెట్టింది. చక్కెర వేసే తెచ్చింది.

"తాగండి లల్లా. నేను గట్టిగా మాట్లాడాను, క్షమించండి."

"నువ్వేం గట్టిగా మాట్లాడలేదు. ఇంకా ముందే అరవాల్సింది." రఖియా గ్లాసు ముట్టుకోలేదు. "నేను నా చేత్తో వాడికి విషం మోసుకెళ్లాను. తేనె రాసి మరీ."

"మీకు తెలియదు కదా."

"బార్లీ అంటే నీకేం తెలుసు పిల్లా? నీకది డాక్టరు చెప్పిన మందు. మాకు అది కరువు." ఆవిడ దూరంగా నది వైపు చూసింది. "మా పల్లెలో వానలు ఎగ్గొట్టిన ఏళ్లు. వాడికి ఐదేళ్లు. పొద్దున బార్లీ, రాత్రి బార్లీ, అదీ ఉంటే. ఊరి పెద్ద ఇంటి పెళ్లికి గిన్నెలు తోమడానికి వెళ్లాను, వాణ్ణి వెంటబెట్టుకుని. ఆ ఇంటి ఆడమనిషి ఒకతి వాడు తెల్లరొట్టె వైపు చూడడం చూసింది. 'వీడు బార్లీ పిల్లాడు, వీడికి గోధుమ అరుగుతుందా?' అని పదిమందీ నవ్వేలా అని, ఒక ముక్క నేల మీదకు విసిరింది. కోడికి విసిరినట్టు."

హస్నా వంగి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"నా కొడుకు ఏం చేశాడో తెలుసా? నేను నేర్పినట్టే చేశాడు. నేల మీద పడిన రొట్టెను తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకున్నాడు. ఆ తర్వాత దుమ్ము ఊది తిన్నాడు. నా వైపు చూసి నవ్వాడు కూడా. ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. అల్లా మీద ఒట్టు, నా ప్రాణం ఉన్నంతవరకు నా చేత్తో వీడి ముందు బార్లీ పెట్టను అని. నేను పూటకో ఒట్టు పెడతానని నువ్వు నవ్వుతావు. ఇది మాత్రం అలాంటిది కాదు."

"ఒట్టు విడిపించుకునే దారి ఉంది కదా లల్లా? పదిమంది బీదవాళ్లకు అన్నం పెడితే..."

"పదిమందికి పెట్టొచ్చు పిల్లా. ఆ రోజును ఎవరికి పెట్టి వదిలించుకోను?"

హస్నా ఆవిడ పక్కన కూర్చుంది. చల్లారిన టీని ఇద్దరూ చెరో గుక్క తాగారు.

ఆ తర్వాత రఖియా బట్టీకి వెళ్లడం మానేసింది. అలాగని బార్లీ జోలికీ రాలేదు. జిలాలి పుండు కడిగి కట్టు కట్టే పని మాత్రం తనే తీసుకుంది. సాయంత్రం అతను ఇంటికి రాగానే చిన్న పీట వేసి, కాలు ఒళ్లో పెట్టుకుని, ఉప్పునీళ్లతో తుడిచేది. ఒకరోజు హస్నా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా ఆ మాటలు చెవిన పడ్డాయి.

"నాకు చెప్పరా, ఆ పెళ్లివాళ్ల ఇల్లు గుర్తుందా నీకు? రొట్టె విసిరింది చూడు, ఆవిడ?"

"ఏ పెళ్లి అమ్మా?"

"నీకు ఐదేళ్లు. నేల మీద పడ్డ ముక్క ఏరుకున్నావు."

"లేదమ్మా. గుర్తు లేదు."

"ఆ కరువు గుర్తు లేదూ?"

జిలాలి తల అడ్డంగా ఊపాడు. "కరువని నాకెవరు చెప్పారు అప్పుడు? నాకు గుర్తున్నది నీ బార్లీ జావ. అడవి వాము నలిపి వేసేదానివి. నేను గిన్నె నాకుతుంటే, ఇంకా తినరా, నాకు ఆకలిగా లేదు అనేదానివి. కడుపు నిండా తిని నీ ఒళ్లో పడుకునేవాణ్ణి. ఇప్పటికీ రబాత్ వంతెన మీద బండ్లు ఆగిపోయినప్పుడు ఒక్కోసారి ఆ వాసన గుర్తొస్తుంది."

"మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చేసి పెట్టమని అడిగావా?"

"ఎలా అడగను? బార్లీ అన్న మాట వినపడితేనే నువ్వు ముఖం తిప్పుకునేదానివి."

హస్నా కత్తి పక్కన పెట్టింది. ఆమె కళ్ల నీళ్లు ఉల్లిపాయలవే అనుకుంటే అనుకోండి. తొంగి చూస్తే, రఖియా ఆ పాదాన్ని తన చెంపకు ఆనించుకుని ఉంది. ఆవిడ ఇన్నేళ్లూ కొడుకు గుండెలో అవమానం ఉందనుకుని కాపలా కాసింది. అక్కడ ఉన్నది జావ వాసన. నవ్విన ఆడమనిషి ఆ పిల్లాడికి గుర్తే లేదు. అమ్మ మాత్రమే గుర్తుంది.

గురువారం హస్నా కార్ఖానా నుంచి వచ్చేసరికి ముంగిట్లో వెడల్పాటి మట్టి బేసిన, జల్లెడ, పక్కన పిండిసంచి ఉన్నాయి. రఖియా చేతులు మోచేతుల దాకా మడుచుకుని కూర్చుంది.

"చేతులు కడుక్కుని రా. నీ పొట్లం బార్లీ నాకొద్దు. నేనే మిల్లుకు వెళ్లి ఆడించుకొచ్చాను. మిల్లువాడు అడిగాడు, కోళ్లకా లల్లా అని."

"మీరేమన్నారు?"

"అవును, కోళ్లకే అన్నాను" అంది రఖియా తల దించుకుని. "సిగ్గు ఒక్క రోజులో పోతుందా?"

హస్నా నవ్వు ఆపుకుంటూ ఎదురుగా కూర్చుంది. రఖియా ముతక రవ్వ మీద ఉప్పునీళ్లు చిలకరించి, చేతులు చాపి గుండ్రంగా రుద్దసాగింది.

"చూడు, బార్లీకి దాహం ఎక్కువ. ఒక్కసారి పోశావా, నీ శుక్రవారం కుస్కుస్‌లా ముద్దవుతుంది. కాస్తకాస్తగా తాగించాలి. ఊఁ, నువ్వూ రుద్దు. అరచేత్తో పిల్లా, వేళ్లతో కాదు. మిషను తొక్కీ తొక్కీ నీ చేతులు కూడా మిషనులయ్యాయి."

"ఆ మిషనే మీ మనవరాలి ఫీజు కడుతోంది లల్లా."

"కడుతోంది, కాదన్నానా? నొక్కు తగ్గించు."

ఇద్దరి చేతులూ ఒకే బేసినలో తిరుగుతున్నాయి. ఒకరి చెయ్యి దగ్గరకు వస్తే ఇంకొకరిది జరుగుతోంది. కాసేపటికి రఖియా గొంతు తగ్గించి అంది.

"ఒట్టు సంగతి మసీదు ఇమాంను అడిగాను. పదిమందికి పెట్టు, కానీ నీ ఇంట్లో నీ వాళ్లకు పెట్టే తిండిలాంటిదే పెట్టాలి, అంతకన్నా తీసికట్టుది కూడదు అన్నాడు. బార్లీ కుస్కుస్ పెట్టొచ్చా అన్నాను. 'నీ ఇంట్లో అదే తింటున్నారా?' అన్నాడు."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పను? తెల్ల కుస్కుస్ పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నాకు మనసొప్పలేదు. ఏ బార్లీ మీద ఒట్టు పెట్టానో దానితోనే తీర్చుకోవాలని ఉంది. మనం తినకుండా అది మా ఇంటి తిండి అని ఆ బీదవాళ్ల ముందు ఎలా పెడతాను? అల్లాకు అబద్ధం చెప్పినట్టు కాదా? అందుకని..." చేతులు ఆగాయి. "రేపటి నుంచి పెద్ద పళ్లెంలోనే బార్లీ. అందరికీ. నాకూ. వేరే పళ్లెం ఈ ఇంట్లో ఉండదు."

హస్నా పిండి చేతులతోనే అత్తగారి చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది.

"చాల్లే, చాల్లే, రవ్వ ఎండిపోతోంది" అంది రఖియా, చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు మూడు విడతలుగా ఆవిరి పెట్టారు. ప్రతిసారీ దించి, ఆలివ్ నూనె రాసుకున్న చేతులతో విడదీసి, మళ్లీ పొయ్యెక్కించారు. గుమ్మడికాయ, టర్నిప్, క్యాబేజీ, శనగలు. మాంసం తగ్గించి కూరలు పెంచారు. ముందు పళ్లెం మసీదు గుమ్మానికి వెళ్లింది. రఖియా తలమీద ముసుగు కళ్ల దాకా లాక్కుంది, ఎవరైనా గుర్తుపడతారేమోనని. బీదవాళ్లు పదిమందీ చుట్టూ చేరారు. వాళ్లలో చూపులేని ముసలాయన ఒకడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"బార్లీ!" అన్నాడాయన. "మా అమ్మ పోయాక ఇలాంటిది తినలేదు. ఎవరి ఇంటిది తల్లీ ఇది?"

రఖియా ముసుగు ఇంకాస్త లాక్కుంది. హస్నా జవాబు చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఇంటికి నడిచారు.

ఇంట్లో పెద్ద పళ్లెం నడుమకు వచ్చింది. తెల్లదనం లేదు, తేనెరంగులో పొడిపొడిగా ఉంది. అందరూ చుట్టూ సర్దుకున్నారు. బిస్మిల్లా అన్నాక ఎవరి చెయ్యీ కదల్లేదు. రఖియా తన ముందున్న గింజలు గుప్పిట్లోకి తీసుకుని, అరచేతిలో మెల్లగా ఎగరేస్తూ గుండ్రటి ముద్ద చేసింది. పళ్లెం మీదుగా చాపి కొడుకు నోటికి అందించింది.

జిలాలి నమిలాడు. గడ్డంలో నెరిసిన వెంట్రుకలున్న మనిషి, తల్లి వైపు చూస్తూ చిన్నపిల్లాడిలా కన్నీళ్లు కార్చుకున్నాడు.

"అడవి వాము వేశావు" అన్నాడు.

"వేశాను" అంది రఖియా. "నాకు ఆకలిగా ఉందిరా ఇవాళ. నేనూ తింటాను."

అప్పుడే తలుపు తోసుకుని తామూ వచ్చింది. రెండు శుక్రవారాలుగా వాటా రాలేదని సంగతేమిటో చూద్దామని వచ్చిన మనిషి, పళ్లెం చూసి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"రఖియా! ఇదేమిటే, బార్లీయా? ఇంట్లో అంతా క్షేమమేనా? ఏమైనా ఇబ్బందైతే నాతో చెప్పొచ్చుగా!"

హస్నా అత్తగారి ముఖం వైపు చూసింది. రఖియా చెంపలు ఎర్రబడ్డాయి. వేళ్లు ఒకసారి ముసుగు కోసం తడిమాయి, కానీ ముసుగు అప్పటికే భుజాల మీదకు జారి ఉంది. ఆవిడ దాన్ని అక్కడే వదిలేసింది.

"క్షేమమే తామూ. నా కొడుక్కి షుగరు, కాలికి పుండు. వాడికి మంచిదని చేశాం. నేనూ నా కోడలూ మా చేతులతో రుద్దాం. ఇది మా ఇంటి తిండి." కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. "నిలబడి చూస్తావేం? కూర్చో. నీ ముందున్నది నువ్వు తిను."

తామూ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత చెప్పులు విడిచి, మోకాలు మడుచుకుని కూర్చుని, పళ్లెంలో చెయ్యి పెట్టింది.

ఆ పుండు ఒక్క శుక్రవారంతో మానలేదమ్మా. మానేసరికి ఎండాకాలం వెళ్లింది, మందులూ వెళ్లాయి, చాలా బార్లీ వెళ్లింది. కానీ పాదం నిలిచింది. ఇది మీరు మరిచిపోకండి. ఎవరింట్లోనైనా పళ్లెం రెండు ముక్కలయ్యే మాట వినపడితే, పక్కన కూర్చోబెట్టుకుని రఖియా సంగతి చెప్పండి. చెప్పేటప్పుడు తిండి ఏదైనా మార్చుకోండి, పరవాలేదు. "ఇది మా ఇంటి తిండి" అన్న ఆ మాట మాత్రం వదిలెయ్యకండి, ఆవిడ అన్నంత గట్టిగానూ అనండి.